మారే స్కీమా, ఆగని ప్రవాహం: లాంగ్వేజ్ మోడళ్లకు ఎంతవరకు అప్పగించాలి?

ఓర్వకల్లు మండలంలో శకునాల, గడివేముల మండలంలో గని. ఈ రెండు ఊళ్ల నడుమ దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. అప్పటికి రెండు మండలాలూ కర్నూలు జిల్లావే. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. ఓర్వకల్లు కర్నూలులోనే ఉండిపోయింది, గడివేముల కొత్తగా ఏర్పడిన నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. ఒక్క ప్యానెల్ కూడా కదల్లేదు, కరెంటు ఉత్పత్తి ఆగలేదు. అయినా ఆ పార్కు రికార్డులో ‘జిల్లా’ అన్న గడికి నిన్నటిదాకా ఒకే జవాబు ఉంటే, ఆ రోజు నుంచి రెండు జవాబులు వచ్చాయి.

స్ట్రీమింగ్ డేటా వ్యవస్థలతో పనిచేసేవాళ్లకు ఇలాంటివి నిత్యం ఎదురవుతూనే ఉంటాయి. వర్షమాపకాలు, స్మార్ట్ మీటర్లు, రిజర్వాయర్ గేజీలు, ఇన్వర్టర్లు రాత్రింబవళ్లు సమాచారం పంపుతూనే ఉంటాయి. ఏ గడిలో ఏముంటుంది, అది అంకెనా అక్షరమా, ఏ యూనిట్లో ఉంటుంది అని ముందుగా రాసుకున్న స్వరూపమే స్కీమా. పంపేవైపు దాన్ని మారిస్తే అందుకునేవైపు ప్రోగ్రామ్ ఆగిపోవచ్చు. లేదా ఆగకుండా తప్పు లెక్క కడుతూ పోవచ్చు. ఆగిపోతే గంటలో తెలుస్తుంది. తప్పు లెక్క బయటపడటానికి నెలలు పట్టవచ్చు.

ఈ మార్పులను గుర్తించి, పాత గడికీ కొత్త గడికీ పొత్తు కుదిర్చి, కావలసిన కోడ్ రాసే పని లాంగ్వేజ్ మోడళ్లకు ఇవ్వవచ్చా అన్న చర్చ 2022 నుంచి ఊపందుకుంది. మనుషుల అవసరమే ఉండదనేవాళ్లున్నారు, డేటా దరిదాపులకు మోడళ్లను రానివ్వకూడదనేవాళ్లూ ఉన్నారు. ఇరువైపులా మంచి వాదనలున్నా, చాలాసార్లు ఒకరు ఒక రకం మార్పు గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు వేరే రకం మార్పు గురించి జవాబిస్తున్నారు. అందుకే ముందు మార్పుల రకాలను విడదీసుకుని, ఆ తర్వాత వాదాల దగ్గరకు వెళ్దాం. ఉదాహరణలు ఎక్కువగా కర్నూలు, కడప ప్రాంతాలవే. నీటి మట్టం, వర్షపాతం, విద్యుత్తు అనే మూడు కొలతలు బతుకును నిర్ణయించే చోట స్కీమా తప్పు ఖరీదు ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది.

మార్పులు మూడు రకాలు

*ఆకారం మారడం.* కొత్త గడి చేరుతుంది, పాతది పోతుంది, అంకెగా వచ్చేది అక్షరాలుగా వస్తుంది. యంత్రం దీన్ని తేలిగ్గా పట్టుకుంటుంది.

*పేరు మారడం.* విషయం అదే, పిలుపు వేరు. కడప జిల్లాకు ఇంగ్లిషు స్పెల్లింగ్ 2005లో మారింది, 2010లో అది వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప అయింది. ఇరవై ఏళ్ల వర్షపాతం రికార్డులను ఒకచోట చేర్చేవాళ్లకు ఈ పేర్లన్నీ ఎదురవుతాయి. వీటిలో కొన్ని కేవలం పేరు మార్పులే. కానీ 2022లో రాజంపేట, రాయచోటి ప్రాంతాలు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. అంటే 2021 నాటి ‘వైఎస్సార్’, 2023 నాటి ‘వైఎస్సార్’ ఒకే పేరుతో ఉన్న రెండు వేరు భూభాగాలు. పేరు మారితే విషయం మారినట్టు కాదు, పేరు అదే ఉంటే విషయం అదే అనీ కాదు.

*అర్థం మారడం.* గడి పేరు అదే, రకం అదే, అంకె కూడా చూడటానికి సరిగ్గానే ఉంటుంది. లోపలి భావం మారిపోయి ఉంటుంది. అడుగులు మీటర్లయి ఉండవచ్చు. గంట వర్షం కాస్తా ఉదయం నుంచి కురిసిన మొత్తం వర్షం అయి ఉండవచ్చు. రోజువారీ వర్షపాతాన్ని వాతావరణ శాఖ ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు లెక్కిస్తుంది. దాన్ని అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి మారిస్తే గడి పేరూ మారదు, యూనిటూ మారదు, ఏ తేదీన ఎంత వాన పడిందన్న లెక్క మాత్రం మారిపోతుంది.

మొదటి రకానికి పరిష్కారం ఎప్పుడో దొరికింది. రెండో రకంలో మోడళ్లు నిజంగా పనికొస్తాయి. గొడవంతా మూడో రకం దగ్గరే.

ఇక్కడిదాకా ఎలా వచ్చాం

డేటాబేస్ స్కీమా కాలంతోపాటు మారుతుందన్న స్పృహ పరిశోధనల్లో 1980ల నుంచీ ఉంది. 2001లో ఎర్హార్డ్ రామ్, ఫిలిప్ బెర్న్‌స్టైన్ రాసిన సమీక్ష రెండు స్కీమాల మధ్య పొత్తులు యంత్రంతో వెతికే పద్ధతులన్నిటినీ వర్గీకరించింది. పేర్ల పోలిక, నిర్మాణం పోలిక, లోపలి విలువల పోలిక అని ఆనాడు వాళ్లు చేసిన విభజన ఇప్పటికీ పనికొస్తోంది. 2008లో కార్లో కూరినో బృందం వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించి, నాలుగున్నరేళ్లలో దాని స్కీమా 171 రూపాలు ఎత్తిందని చూపించింది. మార్పు అనేది మామూలు స్థితేనని అంతకంటే గట్టిగా చెప్పిన అంకె మరొకటి లేదు.

ఇంకోపక్క పరిశ్రమ తన దారి తాను వెతుక్కుంది. స్కీమా ప్రకారం డేటాను రాసి పంపే పద్ధతులుగా ఫేస్‌బుక్ 2007లో థ్రిఫ్ట్‌ను, గూగుల్ 2008లో ప్రోటోబఫ్‌ను అందరికీ విడుదల చేశాయి. 2009లో హడూప్ బృందం నుంచి ఆవ్రో వచ్చింది. ప్రోటోబఫ్‌లో గడిని పేరుతో కాక నంబరుతో గుర్తిస్తారు. ఒకసారి వాడి తీసేసిన నంబరును మళ్లీ వాడకూడదు. ఆవ్రోలో రాసినవాళ్ల స్కీమా, చదివేవాళ్ల స్కీమా రెండూ పక్కపక్కన పెట్టి పొత్తు చూస్తారు. కొత్త గడికి డిఫాల్ట్ విలువ ఇస్తే పాత రికార్డులనూ చదవవచ్చు. 2011లో లింక్డ్ఇన్ డేటా ప్రవాహాలను మోసే కాఫ్కా వ్యవస్థను విడుదల చేశాక ఈ పద్ధతులు ప్రవాహాల్లోకి వచ్చాయి. ఆ తర్వాత కాన్‌ఫ్లుయెంట్ సంస్థ తెచ్చిన స్కీమా రిజిస్ట్రీ వీటికి కాపలాదారు అయింది. కొత్త స్కీమా పాత డేటాను చదవగలదా, పాత ప్రోగ్రామ్ కొత్త డేటాను చదవగలదా అని ముందే పరీక్షించి, కుదరకపోతే లోపలికి రానివ్వదు.

2022 ప్రాంతంలో ‘డేటా కాంట్రాక్ట్’ అన్న మాట బాగా వినిపించింది. స్కీమా ఒక్కటే చాలదు, దాని అర్థం, యూనిట్లు, ఎంత తాజాగా రావాలి, ఎవరు బాధ్యులు అన్నవి కూడా పంపేవాళ్లు రాసి ఇవ్వాలన్నది ఆ ఆలోచన. సరిగ్గా ఆ ఏడాదే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు జీపీటీ-3 అనే లాంగ్వేజ్ మోడల్‌ను డేటా శుద్ధి పనుల మీద పరీక్షించారు. ప్రత్యేక శిక్షణ లేకుండానే చాలా పనుల్లో అది మంచి ఫలితం చూపింది. స్కీమాల పొత్తు కుదర్చడంలో మాత్రం మిగతా పనులంత బాగా రాలేదు. ఆ ఏడాది నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. దాంతో చర్చ పరిశోధకుల నుంచి ఇంజినీర్ల దగ్గరకు, అక్కడి నుంచి అధికారుల దగ్గరకు చేరింది.

నాలుగు వాదాలు

*నియమాలు చాలంటారు.* వీరి దృష్టిలో రిజిస్ట్రీ నియమాలు, ప్రామాణిక కోడ్‌లు ఉంటే మోడల్ అవసరమే రాదు. మన ఇళ్ల ముందు కనిపించే స్మార్ట్ మీటర్లనే ఉదాహరణగా చూపిస్తారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 15959 ప్రకారం మీటరు కొలిచే ప్రతి రాశికీ ఒక కోడ్ ఉంటుంది. 1.0.1.8.0.255 అంటే వినియోగదారు తీసుకున్న మొత్తం యూనిట్లు. మీటరు ఏ కంపెనీదైనా, తెర మీద ఏ పేరు కనిపించినా కోడ్ అదే. 2014 రాష్ట్ర విభజనకు ముందు కడప తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కంలో, కర్నూలు హైదరాబాద్ కేంద్రంగా ఉన్న మధ్య డిస్కంలో ఉండేవి. విభజనతో కర్నూలు, అనంతపురం దక్షిణ డిస్కంలోకి వచ్చాయి. అలాంటి విలీనాల్లో రాశికి ఒకే కోడ్ ఉండటం ఎంత మేలో వేరే చెప్పనక్కరలేదు. ఈ వాదం బలం కచ్చితత్వం. ప్రమాణం లేని చోట దీని దగ్గర జవాబు లేకపోవడం బలహీనత.

*ఒప్పందం కావాలంటారు.* సమస్య యంత్రంలో లేదు, మనుషుల మధ్య ఉందని వీరి నమ్మకం. మార్చేవాడు ముందే చెప్పాలి, అందుకునేవాడు ఒప్పుకోవాలి. ఒకే సంస్థలో ఇది చక్కగా నడుస్తుంది. ఒక శాఖ పంపి ఇంకో శాఖ వాడే చోట, రెండు రాష్ట్రాలు ఒకే కొలతను చూసే చోట కష్టం. కృష్ణా నది యాజమాన్య బోర్డు టెలిమెట్రీ విషయంలో పోతిరెడ్డిపాడు దగ్గర కొలత ఏ చోట తీయాలన్నదే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య వాదం అయింది. ఏ సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని తేల్చలేదు. అది ఒప్పందంతో తేలాల్సిన విషయమే. అయితే ఒప్పందాలు కాగితం మీదుండి, ప్రవాహం వేరేగా నడిచే ప్రమాదం ఈ మార్గంలో ఎప్పుడూ ఉంటుంది.

*మోడల్‌కే పగ్గాలివ్వాలంటారు.* మార్పు రాగానే మోడల్ గుర్తించి, మార్పిడి కోడ్ రాసి, నడిపి, తప్పు వస్తే తానే దిద్దుకోవాలన్నది వీరి లక్ష్యం. ఈ కోరిక వెనుక నిజమైన ఇబ్బంది ఉంది. గని–శకునాల పార్కునే తీసుకుంటే గ్రీన్‌కో, ఎస్‌బీ ఎనర్జీ, అజూర్ పవర్, అదానీ సంస్థలు దాన్ని భాగాలుగా నిర్మించాయి. మామూలుగా ఇన్వర్టర్ తయారీదారులు ఎవరి రిజిస్టర్ పట్టిక వారే పెట్టుకుంటారు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో దాన్ని మార్చనూ మారుస్తారు. గ్రిడ్‌లో రోజును 15 నిమిషాల చొప్పున 96 బ్లాకులుగా విడదీసి షెడ్యూల్ ఇస్తారు. మనిషి మెయిల్ చూసి, మాన్యువల్ వెతికి, కోడ్ మార్చేలోగా ఎన్నో బ్లాకులు దాటిపోతాయి. వేగమే ఈ వాదానికి బలం. తప్పు జరిగినా అదే వేగంతో వ్యాపిస్తుందన్నది దీని మీద ప్రధాన అభ్యంతరం.

*మోడల్ సూచించాలి, మనిషి ఒప్పుకోవాలంటారు.* మోడల్ మార్పును చదివి, పొత్తులు ప్రతిపాదించి, కారణం రాస్తుంది. నియమాల యంత్రం దాన్ని పరీక్షిస్తుంది. బాధ్యుడైన మనిషి సంతకం పెడతాడు. ఆ తర్వాత నడిచేది మోడల్ కాదు, ఆమోదం పొందిన కోడ్ మాత్రమే. నేడు చాలామంది అనుభవజ్ఞులు మొగ్గుతున్నది ఇటే. దీనికీ ఒక జబ్బుంది. వంద సూచనలు సరిగ్గా వచ్చాక నూట ఒకటో దాన్ని మనిషి చదవకుండానే ఒప్పేసుకుంటాడు.

ఒక్కచోట చూస్తే

| వాదం | దేనికి సరిపోతుంది | ఎక్కడ తడబడుతుంది | తప్పుకు బాధ్యులు |
|---|---|---|---|
| నియమాలు, రిజిస్ట్రీ | ఆకారం మార్పులు | అర్థం మార్పులు | నియమం పెట్టినవారు |
| ఒప్పందం | ముందే తెలిసిన అర్థం మార్పులు | సంస్థల సరిహద్దులు, చెప్పకుండా చేసే మార్పులు | పంపినవారు |
| మోడల్‌కు పూర్తి అధికారం | వేగం ముఖ్యమైన, నష్టం తక్కువైన పనులు | నిశ్శబ్దంగా జరిగే తప్పులు | స్పష్టత లేదు |
| సూచన, పరీక్ష, ఆమోదం | పేర్ల మార్పులు, రాతపూర్వకంగా తెలిసిన అర్థం మార్పులు | ఆమోదం అలవాటుగా మారడం | సంతకం పెట్టినవారు |

ఈ నాలుగింటిలో ఏదీ మిగతావాటికి పూర్తి ప్రత్యామ్నాయం కాదు. మార్పు రకాన్ని బట్టి మార్గం మారుతుంది.

ఏకాభిప్రాయం కుదిరిన విషయాలు

చర్చ ఎంత చిక్కుబడ్డా కొన్ని సంగతుల్లో తగాదా దాదాపు లేదు.

మొదటిది, ప్రతి రికార్డునూ మోడల్ చేత చదివించకూడదు. ప్రవాహంలో సెకనుకు వేలాది రికార్డులు వస్తాయి. మోడల్ ఒక్కో జవాబుకే సెకన్లు తీసుకోవచ్చు, ఖర్చూ ఎక్కువే. అదే ప్రశ్నకు ప్రతిసారీ అదే జవాబు వస్తుందన్న హామీ కూడా లేదు. మోడల్ పని స్కీమా మారిన క్షణంలోనే. అది రాసిచ్చిన మార్పిడి సూత్రం తర్వాత మామూలు కోడ్‌లా నడవాలి.

రెండోది, మోడల్‌కు ఇచ్చే వివరణ తక్కువైనా కష్టమే, ఎక్కువైనా కష్టమే. 2024లో మార్సెల్ పార్చాక్ తదితరులు వైద్య రంగపు స్కీమాలపై చేసిన ప్రయోగంలో గడుల పేర్లు, వివరణలు మాత్రమే ఇచ్చి చూశారు. సందర్భం సరిపోకపోయినా, అతిగా గుప్పించినా పొత్తుల నాణ్యత పడిపోయింది. పని మొదలుపెట్టడానికి మోడల్ మంచి తోడని వాళ్లు తేల్చారు, పూర్తి చేసిపెడుతుందని చెప్పలేదు. అదే ఏడాది వచ్చిన మాగ్నెటో అనే పద్ధతి చిన్న మోడల్‌తో దగ్గరి అభ్యర్థులను ఏరి, పెద్ద మోడల్‌తో వాటిని వరస పెట్టిస్తుంది. ఖర్చు తగ్గించే దారి ఇదేనని చాలామంది అంటున్నారు.

మూడోది, ముడి డేటాను వచ్చింది వచ్చినట్టు దాచుకోవాలి. కాఫ్కా డిఫాల్ట్‌గా రికార్డులను 7 రోజులే ఉంచుతుంది. తప్పు పొత్తు ఎనిమిదో రోజున బయటపడితే, వేరే చోట దాచుకోనివాళ్లకు దిద్దుకునే దారే ఉండదు. మోడల్ వాడినా వాడకపోయినా ఈ జాగ్రత్త తప్పదు. వాడితే మరీ తప్పదు.

అర్థం మార్పు: రెండు ‘లెవెల్’ల కథ

మోడళ్ల శక్తి, పరిమితి రెండూ ఒకేచోట తెలియాలంటే రాయలసీమ నీటి లెక్కలు చూడాలి.

రిజర్వాయర్ ప్రవాహంలో ‘వాటర్ లెవెల్’ అన్న గడి ఉంటుంది. శ్రీశైలం పూర్తి స్థాయి మట్టం 885 అడుగులు. అంకె పెరిగితే నీళ్లు పెరిగినట్టు. భూగర్భ జల శాఖ పీజోమీటర్ల నుంచి వచ్చే ప్రవాహంలోనూ ‘వాటర్ లెవెల్’ ఉంటుంది. అది నేల మీది నుంచి నీటిదాకా ఉన్న లోతు, మీటర్లలో. అక్కడ అంకె పెరిగితే నీళ్లు అడుగంటినట్టు. రెండు ప్రవాహాలనూ ఒకే కరువు సూచికలో కలిపే ప్రోగ్రామ్‌కు గడి పేర్లు మాత్రమే ఇస్తే, రెండింటినీ ఒకే దిశలో కలిపేయడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి. అదే మోడల్‌కు ‘నేల మట్టం నుంచి లోతు’ అన్న ఒక్క వాక్యం వివరణగా ఇస్తే, దిశ తిరగబడిందని అది గుర్తుపట్టగలదు. రిజిస్ట్రీ నియమం ఏదీ ఈ పని చేయలేదు, ఎందుకంటే రెండూ దశాంశ సంఖ్యలే. మోడల్ విలువ ఇక్కడ కనిపిస్తుంది. ఆ విలువంతా ఎవరో రాసి ఉంచిన ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉందన్నదీ ఇక్కడే కనిపిస్తుంది.

ఇంకా కష్టమైన పరీక్ష నిల్వ లెక్క. మట్టం తెలిస్తే నిల్వ ఎంతో పట్టిక చూసి చెబుతారు. కట్టినప్పుడు శ్రీశైలం సామర్థ్యం దాదాపు 308 టీఎంసీలు. ఏటా చేరిన పూడిక వల్ల, సర్వేల తర్వాత సవరించిన లెక్క ప్రకారం అదే 885 అడుగుల దగ్గర నిల్వ సుమారు 215.8 టీఎంసీలు. పట్టిక మార్చిన రోజున ప్రవాహంలో గడి పేరు మారదు, యూనిట్ మారదు, మట్టం కూడా మారదు. నిల్వ అంకె మాత్రం కిందికి దూకుతుంది. ఆ అంకెలు మాత్రమే చూసే మోడల్‌కు అది నీళ్లు వదిలినట్టు కనిపించవచ్చు, సెన్సర్ చెడినట్టు కనిపించవచ్చు. పట్టిక మారిందన్న ఉత్తర్వు దాని ముందు ఉంటే తప్ప అసలు సంగతి తెలిసే దారి లేదు.

ఈ రెండు ఉదాహరణలు కలిపి చూస్తే చర్చలో తరచూ మరుగున పడే విషయం బయటికొస్తుంది. రాసి ఉన్న అర్థాన్ని వెతికి, సరైన గడికి చేర్చడంలో లాంగ్వేజ్ మోడల్ గొప్ప సహాయకారి. ఎక్కడా రాయని అర్థాన్ని అది కనిపెట్టలేదు. ఊహించి చెబుతుంది, ఊహను కూడా నిజం చెప్పినంత ధీమాగానే చెబుతుంది. కాబట్టి మోడల్ ఎంత తెలివైనది అన్న ప్రశ్న కంటే, మన శాఖలు మార్పులను ఎంత శ్రద్ధగా రాసి పెడుతున్నాయన్న ప్రశ్న పెద్దది.

తెలుగు తెచ్చే చిక్కులు

ఈ రంగంలో ప్రయోగాలు దాదాపు అన్నీ ఇంగ్లిషు గడి పేర్ల మీదే జరిగాయి. మన దగ్గర పరిస్థితి వేరు. గడి పేరు ఇంగ్లిషులో, లోపలి విలువ తెలుగులో, వివరణ సగం అదీ సగం ఇదీ ఉంటుంది. రికార్డుల్లో ‘కర్నూలు’ ఉంటుంది, ‘కర్నూల్’ ఉంటుంది, ఇంగ్లిషు స్పెల్లింగులూ ఉంటాయి. ఊరి పేర్లయితే ఒక్కో శాఖ ఒక్కోలా రాస్తుంది. వీటిని కలపడంలో మోడళ్లు పాత అక్షర పోలిక పద్ధతుల కంటే ఎంతో మెరుగు. అందులో సందేహం లేదు.

ఖర్చు మాత్రం ఎక్కువ. యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ‘కర్నూలు’ అన్న మాటలో ఏడు సంకేతాలు, అంటే 21 బైట్లు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. ఇంగ్లిషు పాఠం ఎక్కువగా చూసి తయారైన మోడళ్లు తెలుగు మాటను ఎక్కువ ముక్కలుగా విరగ్గొడతాయి. ముక్కలు పెరిగితే బిల్లు పెరుగుతుంది, ఆలస్యం పెరుగుతుంది. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం భారతీయ భాషలకు తయారుచేసిన మోడళ్లు ఈ లోటును కొంత పూడుస్తున్నాయి. పరిపాలనా రికార్డుల్లోని పొట్టి మాటలు, అడంగల్, ఖాతా, సర్వే నంబరు వంటి రెవెన్యూ పదాలు ఉన్న స్కీమాల మీద పరీక్షిస్తేనే వాటి అసలు సత్తా తెలుస్తుంది.

పేర్లతో కుస్తీ పట్టకుండా తప్పించుకునే మార్గం కూడా ఒకటుంది. 2022 పునర్విభజనలో జిల్లాలు మారాయి గానీ మండలాలు దాదాపు ఉన్నవి ఉన్నట్టే కొత్త జిల్లాల్లోకి వెళ్లాయి. ప్రవాహంలో జిల్లా పేరు కాక గ్రామం లేదా మండలం కోడ్ పెట్టి, జిల్లా ఏదన్నది తేదీలతో ఉన్న వేరే పట్టికలో చూసుకుంటే గని, శకునాల చిక్కు రాదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీ అలాంటి కోడ్‌లు ఇస్తూనే ఉంది. మంచి నమూనా రచన చేస్తే మోడల్ అవసరమే పడని సందర్భాలు చాలా ఉన్నాయనడానికి ఇది నిదర్శనం. ఈ విషయంలో నియమవాదుల మాట నిజం.

తేలని ప్రశ్నలు

*మోడల్ సరిగ్గా చేసిందని ఎలా తెలుసుకోవాలి?* పరిశోధనల్లో వాడే పరీక్షా స్కీమాలు చాలావరకు ఇంటర్నెట్‌లో ఉన్నవే. మోడల్ వాటిని శిక్షణలోనే చూసి ఉండవచ్చు. అక్కడ వచ్చిన మార్కులు, ఎవరూ చూడని ఒక జిల్లా శాఖ స్కీమా మీద వస్తాయన్న భరోసా లేదు. పైగా ఆ పరీక్షలు నిలకడగా ఉన్న రెండు పట్టికల మధ్య పొత్తు చూస్తాయి. నడుస్తున్న ప్రవాహంలో సగం పరికరాలు పాత స్వరూపంలో, సగం కొత్త స్వరూపంలో పంపే స్థితిని కొలిచే పరీక్షలు చాలా తక్కువ.

*తప్పుకు జవాబుదారీ ఎవరు?* వాతావరణ ఆధారిత పంటల బీమాలో రైతు పొలంలో ఎంత నష్టం జరిగిందన్నది నేరుగా చూడరు. ఆ ప్రాంతానికి కేటాయించిన వాతావరణ కేంద్రం నమోదు చేసిన అంకెలే పరిహారాన్ని నిర్ణయిస్తాయి. వేరుశనగ పూతకొచ్చిన వేళ పదిహేను రోజుల వాన విరామం ఒక గడి తప్పు పొత్తు వల్ల పన్నెండు రోజులుగా లెక్కకొస్తే, ఒక మండలం మొత్తం పరిహారానికి దూరం కావచ్చు. అప్పుడు మోడల్ తయారుచేసిన కంపెనీని అడగాలా, దాన్ని వాడిన సంస్థనా, ఆమోదించిన ఉద్యోగినా? చట్టం ఇంకా స్పష్టంగా చెప్పలేదు.

*గోప్యత మాటేమిటి?* స్కీమా మాత్రమే చూపితే మోడల్ తప్పు చేయవచ్చు, నమూనా విలువలు చూపితే బాగా చేస్తుంది. ఆ విలువల్లో సర్వీస్ నంబర్లు, ఆధార్ వివరాలు ఉండవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వెలుగులో బయటి సర్వర్‌కు ఎంత పంపవచ్చు, కల్పిత నమూనాలు సరిపోతాయా, సొంత సర్వర్‌లో నడిచే చిన్న మోడల్ మేలా అన్నది ప్రతి సంస్థా తేల్చుకోవాల్సి ఉంది.

*మోడల్‌నే మోసం చేస్తే?* గడి వివరణ అన్న చోట ఎవరైనా ఆదేశం లాంటి వాక్యం రాసి పెడితే మోడల్ దాన్ని వివరణగా కాక ఆజ్ఞగా తీసుకునే ప్రమాదం ఉంది. స్వయంగా కోడ్ నడిపే అధికారం ఉన్న మోడల్‌కు ఇది చిన్న ముప్పు కాదు. నమ్మకమైన రక్షణ ఇంతవరకు ఎవరి దగ్గరా లేదు.

*మనిషి ఆమోదం నిజమైన ఆమోదమేనా?* సూచనలతోపాటు కారణాలు చూపడం, నష్టం ఎక్కువైన గడులకు ఇద్దరి చేత సంతకం పెట్టించడం, అప్పుడప్పుడు కావాలనే తప్పు సూచన కలిపి ఆమోదించేవారి అప్రమత్తతను చూడడం వంటి ఉపాయాలు చర్చలో ఉన్నాయి. వాటిలో ఏది నిలబడుతుందో ఇంకా తేలలేదు.

మొత్తం మీద

ఇప్పటివరకు వచ్చిన ఆధారాలను బట్టి పనిని ఇలా పంచుకోవడం సబబు. ఆకారం మార్పులు రిజిస్ట్రీకి వదిలేయాలి, అక్కడ మోడల్ అనవసరం. పేర్ల మార్పుల్లో మోడల్ సూచించాలి, కోడ్ పట్టికలు సరిచూడాలి, మనిషి ఒప్పుకోవాలి. అర్థం మార్పుల్లో మోడల్ అధికారం అక్కడికక్కడే ఆగిపోవాలి. అనుమానం వస్తే ప్రవాహాన్ని పక్కదారి పట్టించి, ముడి డేటాను భద్రపరిచి, సంబంధిత శాఖను అడిగే పని చేస్తే చాలు. నీళ్లు, పరిహారం, బిల్లు అనే మూడింటిని తాకే గడుల్లో ఏ మార్పూ సంతకం లేకుండా అమల్లోకి రాకూడదు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దానికి ఏ మోడలూ అక్కర్లేదు. ప్రతి శాఖా తన ప్రవాహంలోని ప్రతి గడికీ అర్థం, యూనిట్, కొలిచే చోటు, కొలిచే వేళ, అమల్లోకి వచ్చిన తేదీ తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసి ఉంచాలి, మార్చినప్పుడల్లా తేదీతో చేర్చాలి. జిల్లాల పునర్విభజన ఉత్తర్వు, రిజర్వాయర్ కొత్త నిల్వ పట్టిక, ఇన్వర్టర్ ఫర్మ్‌వేర్ నోట్ ఒకే చోట దొరకాలి. 2017లో ఏర్పడిన రియల్ టైమ్ గవర్నెన్స్ సొసైటీ లాంటి సంస్థకు ఇది తగిన బాధ్యత. వ్యక్తిగత వివరాలు తీసేసిన ఇలాంటి మార్పుల చరిత్రను బహిరంగంగా ఉంచితే, కర్నూలులోని ట్రిపుల్ ఐటీ డీఎంలో, ఇడుపులపాయలోని ఆర్కే వ్యాలీ ట్రిపుల్ ఐటీలో చదివే పిల్లలు దాని మీద మోడళ్లను పరీక్షించగలరు. ఏ మోడల్ ఎక్కడ తప్పుతుందో బయటివాళ్ల పరీక్షల మీద ఆధారపడకుండా మన డేటా మీదే మనం చెప్పగలుగుతాం. మోడళ్లు ఏటా మారుతాయి, ఈ ఏడాది గొప్పది వచ్చే ఏడాదికి పాతబడుతుంది. శ్రద్ధగా రాసిపెట్టిన మార్పుల చరిత్ర మాత్రం రేపు వచ్చే ప్రతి మోడల్‌కూ పనికొస్తుంది, మోడల్ లేని రోజున మనిషికీ పనికొస్తుంది. ఖర్చు పెట్టాల్సింది ముందు అక్కడ.